నున్నటి ఇంట్లో గరుకు దారి

అతన్ని అందరూ అద్దం మేస్త్రి అనేవారు. అసలు పేరు ఏదో ఉండే ఉంటుంది, అడిగితే అతనే కాసేపు ఆలోచించాలి. అతను పాలరాయి పరిచిన గదిలో వంగి చూస్తే మీసం దువ్వుకోవచ్చని చెప్పుకునేవారు. అంతటి పనివాడి సొంతింట్లో ఏముందయ్యా అంటే, పగుళ్ళు బారిన పాత సిమెంటు గచ్చు! ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని అతని భార్య రోజుకోసారైనా దెప్పేది.

ఒకనాడు రోషం పొడుచుకొచ్చింది మేస్త్రికి.

"ఆగవే! మా అమ్మ పాదాల కింద అద్దం పరచకపోతే నా పేరు మార్చుకుంటా."

"ఏ పేరు?" అంది భార్య.

అమ్మంటే మేస్త్రికి పంచప్రాణాలు. మొగుడు పోయాక ఇసుక తట్టలు మోసి, తాను పస్తుండి వాణ్ణి పెంచిన మనిషి. డెబ్బై దాటినా ఇంట్లో బొంగరంలా తిరిగేది. ఇల్లు ఊడ్చేది, బట్టలు మడతపెట్టేది, ఖాళీగా కూర్చోమంటే కస్సుమనేది. అలాంటి తల్లికి చేయకపోతే ఈ చేతులెందుకని మేస్త్రి నిజంగానే అనుకున్నాడు.

అమ్మను పక్కింటి పిన్ని దగ్గర ఉంచి పనిలోకి దిగారు మొగుడూ పెళ్ళాలూ. గచ్చు తవ్విపోశారు. మట్టం చూసి, సిమెంటు మాలు పరిచి, దాని మీద పాలరాళ్ళు కూర్చారు. ప్రతి రాయినీ రబ్బరు సుత్తితో కొట్టి చెవి ఆనించి వినేవాడు మేస్త్రి. బోలుగా మోగితే లేపి మళ్ళీ పరిచేవాడు. గుమ్మాల దగ్గర రాయి కోసేటప్పుడు మాత్రం పెద్ద రభస.

"నీళ్ళు పొయ్యవే, నీళ్ళు! నా మీద కాదు, రాయి మీద!"

"రెండూ ఒకలాగే ఉన్నాయి మరి, కదలవూ మెదలవూ."

సందుల్లో తెల్ల సిమెంటు నింపి, ముతక సానరాయితో మొదలుపెట్టి నున్నటి రాయి దాకా అరగదీశారు. మరక పట్టకుండా పైన సీలరు పూసి, అది ఆరేదాకా పిల్లినైనా లోపలికి రానివ్వలేదు.

అమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మంచం మీద కూర్చోబెట్టాడు. "ఎలా ఉందమ్మా?"

"చల్లగా ఉంది నాయనా. బంగారంలాంటి పని," అంది అమ్మ.

ఆ ఎక్కిన మంచం ఆవిడ మళ్ళీ తనంతట తాను దిగలేదు.

స్నానానికి కోడలు పట్టుకోవాలి, వాకిట్లోకి కోడలు పట్టుకోవాలి. మాటిమాటికీ పిలవడమెందుకని మంచినీళ్ళు తాగడం తగ్గించేసింది. కాలు జారుతుందని భయమేమోనని మేస్త్రి మెత్తటి చెప్పులు తెచ్చాడు. వాటిని మంచం కిందికి తోసేసింది. తన పని నచ్చలేదేమోనని లోలోపల కుమిలిపోయాడు వెర్రివాడు. మనిషి రోజురోజుకీ ముడుచుకుపోతుంటే అతనికి అన్నం సహించలేదు.

చివరికి భార్యే నోరు విప్పింది.

"చెప్పొద్దని ఒట్టేయించుకుంది. ఇక నా వల్ల కాదు. అత్తయ్యకు కళ్ళు కనబడవయ్యా. చూపు పోయి చాలా రోజులైందట. మొన్న స్నానం చేయిస్తుంటే నాకు తెలిసింది."

మేస్త్రి నమ్మలేదు. "ఛ! ఇల్లంతా తిరిగేది కదే!"

"పాదాలతో చూసుకుంటూ తిరిగేది. మంచం పక్కన గుంట, అక్కణ్ణుంచి పగులు వెంట పోతే వంటిల్లు, పెచ్చు లేచిన చోట తిరిగితే స్నానాలగది. అవన్నీ మనం తవ్విపోశాం కదా. గచ్చు గచ్చని నీ ప్రాణం తీసింది నేనే. నా నోరు పడిపోను!"

"నాకెందుకు చెప్పలేదు అమ్మ?"

"నీ ముచ్చట చెడగొట్టడం ఇష్టంలేక. కొత్త నేల కూడా అలవాటవుతుందిలే అనుకుందట. ఎలా అవుతుంది? ఎటు కాలుపెట్టినా ఒకలాగే ఉందాయె."

ఎక్కడా చిన్న తేడా తెలియకుండా పరచడం మేస్త్రి గొప్పతనం. ఆ గొప్పతనమే కన్నతల్లికి దారి లేకుండా చేసింది. అతను ఆ అద్దంలాంటి నేల మీదే చతికిలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మర్నాడు పనికి పోలేదు. అమ్మను మళ్ళీ పక్కింటికి పంపి, కోత యంత్రం తీసి మంచం పక్కన కూర్చున్నాడు. మొదటి గీత గీయడానికి ఎంతకీ చెయ్యి రాలేదు. కళ్ళు మూసుకుని గీశాడు. వంటింటికి నిలువు గీతలు, స్నానాలగదికి అడ్డ గీతలు, వీధిగుమ్మానికి చుక్కల్లా చిన్న చిన్న గుంటలు. అరికాలికి గుచ్చుకోకుండా అంచులన్నీ చేత్తో తడిమి అరగదీశాడు. గరుకు రాయి మురికిని తొందరగా పట్టేస్తుంది కాబట్టి సీలరు రెండుసార్లు పట్టించాడు. తోటి మేస్త్రి ఒకడు తొంగిచూసి, "అద్దం పగిలిందేం బావా?" అన్నాడు. "పోరా పనిచూసుకో," అన్నాడు మన మేస్త్రి.

కోడలు తీసుకొచ్చి మంచం మీద కూర్చోబెడితే, అమ్మ కాలు కిందికి దించింది. బొటనవేలు గీతకు తగిలింది. ఆగింది. రెండో కాలు దించింది.

"ఇదేంట్రా?"

"వంటింటి దారమ్మా."

ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వెళ్ళింది. వచ్చింది. స్నానాలగదికి వెళ్ళింది, వీధిగుమ్మం దాకా వెళ్ళి గాలి పీల్చుకుని వచ్చింది. కోడలు కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ వెనకే నడిచింది.

"తెలిసిపోయిందన్నమాట వెధవకి," అంది అమ్మ నవ్వుతూ. తర్వాత నేలంతా పాదంతో వెతికింది. "అన్నిటికీ వేశావు. నీ పక్క దగ్గరికి దారేదిరా?"

"అక్కడికెందుకమ్మా?"

"రోజూ కోడి కూయకముందే వచ్చి నీ తల తడిమేదాన్ని. చూపు పోయాక నాకు తెల్లారడమంటే అదే. మొద్దునిద్ర కదా, నీకేం తెలుసు? ఈ నేల వేసినప్పట్నుంచీ నాకు తెల్లారనే లేదు నాయనా."

మేస్త్రి అమ్మ చెయ్యి తీసుకుని తన తల మీద పెట్టుకున్నాడు. ఆ తర్వాత తన దిండు దగ్గర కూర్చుని యంత్రం ఆడించాడు. భార్య నీళ్ళు పోస్తుంటే, అక్కణ్ణుంచి అమ్మ మంచం వైపు గీతలు కోసుకుంటూ వచ్చాడు. ఆ మోత తన దగ్గరికి వచ్చేదాకా అమ్మ మంచం మీద కదలకుండా కూర్చుని వింది.