సగం పళ్ళెం

నేను ఒక చెక్క పళ్ళేన్ని. నిజం చెప్పాలంటే సగం పళ్ళేన్ని. ఇప్పుడు మ్యూజియంలో గాజు పెట్టెలో ఉన్నాను. చూడవచ్చిన వాళ్ళంతా మిగతా సగం ఏమైందని అడుగుతారు. చెప్పేవాళ్ళు లేరు గనక నేనే చెబుతాను.

అమెరికా ఇంకా ఇంగ్లండు రాజు ఏలుబడిలో ఉన్న రోజుల్లో, మసాచుసెట్స్ తీరంలో గిడియన్ అనే రైతు మేపుల్ చెక్కలో గుంట తొలిచి నన్ను తయారుచేశాడు. ఒక వైపు కూర తినేవారు. తుడిచి, బోర్లించి, రెండో వైపు తీపి తినేవారు. కడిగే శ్రమ తప్పించుకోవడంలో మనుషుల తెలివికి నాకు ముచ్చటేసేది. ఇంట్లోవాళ్ళు ఇద్దరికొక పళ్ళెం చొప్పున సర్దుకునేవారు. కానీ పెళ్ళికాని ఆడా మగా ఒకే పళ్ళెంలో తింటే మాత్రం వాళ్ళకు పెళ్ళి కుదిరినట్టేనని ఆ ఊరి లెక్క. నోటితో ఒప్పుకోనక్కర్లేదు, ఒక్క ముద్ద చాలు.

గిడియన్‌కు డోర్కస్ అని పెళ్ళీడు కూతురు. పీపాలు చేసే జేబెజ్‌కు ఆమెను ఇవ్వాలని అతని పట్టుదల. ఆమెను అడగాలని మాత్రం తోచలేదు. ఒక సాయంత్రం జేబెజ్‌నూ, సాక్ష్యానికి చర్చి పెద్దనూ భోజనానికి పిలిచాడు. ఒక పళ్ళేన్ని ముందే పిండి పీపాలో దాచేశాడు.

"పళ్ళేలు తక్కువయ్యాయి. మీరిద్దరూ సర్దుకోండి" అన్నాడు ఏమీ ఎరగనట్టు.

నా గుంటలో పంది మాంసం, చిక్కుడు గింజలు పొగలు కక్కుతున్నాయి. డోర్కస్ చెంచా ముట్టలేదు. పొద్దుటి నుంచి పొలంలో నడుం వంచిన పిల్ల. నాకు జాలేసింది.

"ఆకలి లేదా?" అని జేబెజ్ మెల్లగా అడిగాడు.

"ఉందండీ" అంది తల ఎత్తకుండా.

"తిను మరి, అమ్మాయ్. పెద్దాయన చూస్తున్నారు" అని గద్దించాడు తండ్రి.

జేబెజ్ అందరి ముఖాలూ చూశాడు. సంగతి అర్థమైంది. కూరను తిరిగి కుండలోకి వంపి, నన్ను పొయ్యిగట్టు మీద నిలబెట్టి, అక్కడే ఉన్న కట్టెల చేతిగొడ్డలితో ఒక్కటి వేశాడు.

"ఇప్పుడు రెండున్నాయి. సర్దుకోనక్కర్లేదు" అన్నాడు.

నొప్పి మాట అటుంచండి, ఇంత విడ్డూరం నేనెప్పుడూ చూడలేదు. మళ్ళీ వడ్డిస్తే పులుసు బల్లంతా కారింది. గిడియన్ ముఖం మాడిపోయింది. డోర్కస్ మాత్రం కడుపునిండా తింది.

అతిథులు వెళ్ళగానే గిడియన్ నా ఒక సగాన్ని పొయ్యిలో పడేశాడు. రెండోదాన్ని కూతురు దాచేసుకుంది. ఎందుకో నాకు అంతుపట్టలేదు.

గుమ్మడికాయలు పండే కాలం వచ్చింది. డోర్కస్ ఎవరికీ చెప్పకుండా నన్ను పట్టుకుని జేబెజ్ పనిపాకకు నడిచింది. నా మీద అప్పుడే కాల్చిన గుమ్మడికాయ తీపి రొట్టె ఉంది. ఇద్దరి మధ్యా నన్ను పెట్టి, తనొక ముక్క తుంచి నోట్లో వేసుకుని, నన్ను అతని వైపు జరిపింది.

జేబెజ్ చేయి చాపబోయి ఆగాడు.

"ఎవరైనా చూస్తే ఏమనుకుంటారో తెలుసా?"

"తెలుసు. తినండి, చల్లారిపోతోంది" అంది.