నూటికి అరవై

టాల్‌మన్ కౌంటీ జనం దేనికైనా ఒప్పుకుంటారు గాని పన్నుకు ఒప్పుకోరు. పొరుగువాడి కొట్టం కాలిపోతే మర్నాటికల్లా నలభై మంది సుత్తులు పట్టుకుని వాలిపోతారు. అదే నలభై మందిని బడి కట్టుకుందాం, ఆస్తి మీద నాలుగు డాలర్లు ఎక్కువ పన్ను వేసుకుందాం అని ఓటడగండి, అప్పులవాణ్ణి చూసినట్టు మొహం తిప్పుకుంటారు. అందుకే రస్క్ ఫ్లాట్ బడి బాండు, అంటే అప్పు తెచ్చి కొత్త బడి కట్టి ఆ అప్పును పన్నుతో తీర్చే తీర్మానం, ఇప్పటికి మూడుసార్లు ఓడిపోయింది. బాండుకు సగం మంది అవునంటే చాలదు, నూటికి అరవై మంది అనాలి. మొదటిసారి యాభై ఆరు వచ్చింది. రెండోసారి యాభై ఎనిమిది. మూడోసారి ఊరికే విసుగొచ్చి యాభై రెండు. ఈ ఫిబ్రవరిలో నాలుగోసారి. ఇదీ పోతే బడి మూసేసి పిల్లలను యాభై మైళ్ళ అవతలికి బస్సులో పంపుతామని బడి బోర్డు తేల్చి చెప్పేసింది.

వెర్లీన్ డాల్ ఆ బడి నేలమాళిగలోని వంటగదిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు వండింది. పైనున్న గదులను వెచ్చబెట్టే బాయిలరు ఆమె కంటే పెద్దది, ఆమె కంటే మొండిది. జనవరిలో అది మొరాయిస్తే పిల్లలు కోట్లు వేసుకునే అన్నాలు తినేవారు. ఆ బడి నిలబడాలని ఆమెకున్నంత పట్టు ఆ లోయలో ఇంకెవరికీ లేదు.

పదవీ విరమణ అయ్యాక ఆమె ఎన్నికల రోజుల్లో కౌంటీ ఆఫీసుకు వచ్చి పనిచేసేది. ఇక్కడ ఓట్లన్నీ పోస్టులోనే వస్తాయి. కవరు వెనకాల ఓటరు సంతకం ఉంటుంది. దాన్ని ఆఫీసులో ఉన్న పాత సంతకంతో పోల్చి, కుదిరితే ఒక బుట్టలో, కుదరకపోతే ఇంకో బుట్టలో వేయడం ఆమె పని. లోపలి కాగితం ఆమె చూడదు. ఎవరు ఎటు వేశారో ఆమెకు తెలియదు.

నిజం చెప్పాలంటే ఆమె ఆ పనికి చేరింది ఒకే ఒక్క సంతకం కోసం. అది ఆమె అన్న హాల్వర్ ట్వెయిట్‌ది. పదకొండేళ్ళుగా అతను ఆమెతో మాట్లాడడు. ఫోను చేస్తే ఎత్తడు, ఉత్తరం రాస్తే తిరిగి రాయడు. ఏడాదికి రెండుసార్లో మూడుసార్లో ఆ కవరు మాత్రం వచ్చేది. H పొడుగ్గా, గట్టిగా, నాగలి దున్నినట్టు ఉండేది. ఆమె కళ్ళద్దాలు సర్దుకుని, అవసరమైన దానికంటే ఎక్కువసేపు చూసేది. బాగానే ఉన్నాడన్నమాట అనుకుని బుట్టలో వేసేది. తనకు రాయని ఉత్తరాన్ని అంత ఆత్రంగా చదువుకునే మనిషి ఆ కౌంటీలో ఇంకొకరు లేరు.

మాటలు ఆగిపోయింది కూడా ఈ బాండు దగ్గరే. పదకొండేళ్ళ కిందట, మొదటిసారి ఓటుకొచ్చినప్పుడు, రైతుసంఘం హాల్లో సభ పెట్టారు. హాల్వర్ పద్నాలుగు వందల ఎకరాల గోధుమ రైతు. "భూమి ఉంది గాని చేతిలో రొక్కం లేదు, ఈ పన్ను మేం మోయలేం" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. వెర్లీన్‌కు ఒళ్ళు మండింది. మైకు లాక్కుని, "బడికి పంపడానికి ఇంట్లో ఎవరూ లేనివాళ్ళకి బడి విలువేం తెలుస్తుంది?" అంది. ఆమె అన్నది ముందు వరసలో కూర్చున్న ముసలి భూస్వాములందరినీ కలిపి. కానీ హాలు మొత్తం తలతిప్పి హాల్వర్ వైపు, అతని భార్య ఇల్సా వైపు చూసింది. వాళ్ళ కూతురు సిగ్నీ ఒకటో తరగతి సగంలో ఉండగా రక్తం జబ్బుతో పోయింది. ఇంకెవరూ పుట్టలేదు. హాల్వర్ టోపీ పెట్టుకుని, ఇల్సా చేయి పట్టుకుని బయటకు నడిచాడు. నాలుగేళ్ళ కిందట ఇల్సా పోయినప్పుడు వెర్లీన్ వెళ్ళి చర్చిలో వెనక నిలబడింది. అతను వెనక్కి చూడలేదు. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని ఆమెకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

ఈసారి అతని కవరు ఎన్నిక రోజు పోస్టు ముద్రతో, మర్నాడు బుధవారం వచ్చింది. పేరు చూసి ఆమె దాన్ని తిప్పింది. సంతకం లేదు. సంతకం ఉండాల్సిన చోట ఒక అడ్డగీత, దాని మీద వంకరగా నిలబడిన T ఉన్నాయి. చిన్నపిల్లాడు గీసినట్టు వణికిపోయి ఉన్నాయి.

అది వాళ్ళ నాన్న పశువులకు వేయించిన వాత ముద్ర. చిన్నప్పుడు ఇంట్లో ప్రతి ఆవు తొడ మీదా చూసిన గుర్తే. కానీ అన్న చేయి అలా ఎందుకు వణికింది?

ఆఫీసు పెద్ద జోయెల్ ప్రూయిట్ వచ్చి చూసింది. చిన్నప్పుడు వెర్లీన్ వడ్డించిన అన్నం తిని పెరిగిన పిల్లే.

"సంతకం పెట్టలేనివాళ్ళు గుర్తు వేయొచ్చు వెర్లీన్ గారూ. అది ఆవు ముద్రైనా సరే, చట్టానికి పట్టింపు లేదు. కానీ పక్కన ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. ఇక్కడ ఒక్కరూ లేరు."

"మరేం చేస్తావ్?"

"ఉత్తరం పంపుతా, ఫోను చేస్తా. వచ్చే గురువారం సాయంత్రం నాలుగున్నరలోగా సరిచేస్తే చెల్లుతుంది. లేకపోతే చెల్లదు. మీరు అన్నాచెల్లెళ్ళు కాబట్టి ఆ కవరు ఇక మీరు ముట్టుకోకండి."

వారం గడిచింది. లెక్క సాగుతున్న కొద్దీ ఊరు ఊపిరి బిగబట్టింది. బుధవారం సాయంత్రానికి అవును ఏడు వందల ముప్ఫై రెండు, కాదు నాలుగు వందల ఎనభై ఎనిమిది. సరిగ్గా నూటికి అరవై. ఒక్క కాదు పడితే బాండు పోతుంది. సమస్య ఉన్న మిగతా కవర్లన్నీ తేలిపోయాయి. మిగిలింది ఒకే ఒక్కటి, ఆవు ముద్ర కవరు.

"మూడుసార్లు ఫోను చేశా, ఎత్తలేదు," అంది జోయెల్. "నా పని నేను చేశాను. రేపు నాలుగున్నర దాటితే బడి ఉన్నట్టే."

వెర్లీన్ ఏమీ చేయకుండా కూర్చుంటే చాలు. జీవితంలో ఆమెకు అంత తేలిక పని ఎవరూ ఇవ్వలేదు. ఆ రాత్రంతా ఆమెకు బాయిలరు గుర్తొచ్చింది, కోట్లు వేసుకుని తింటున్న పిల్లలు గుర్తొచ్చారు. వాళ్ళందరి మధ్యలోంచి ఆ వంకర T గుర్తొచ్చింది. చేతికి ఏదో అయిన మనిషి, ఎవరినీ సాయం అడగలేని మనిషి, నాన్న ముద్ర గీసి కవరు అంటించాడు. దాన్ని చెత్తబుట్టలో పడనిచ్చి, ఆపైన ఏ మొహం పెట్టుకుని అన్న కోసం ఎదురుచూస్తుంది?

గురువారం పొద్దున ఆమె జోయెల్ ముందు నిలబడి, సాక్షుల చేత సంతకం పెట్టించి ఓటు సరిచేసుకునే ఫారం అడిగింది.

"ఓటరుకి ఫారం ఎవరైనా తీసుకెళ్ళొచ్చు, కాదనలేను," అంది జోయెల్. "కానీ ఆయన ఎటు వేసుంటాడో లోయలో పశువులకి కూడా తెలుసు. బాండు పోతే ఊళ్ళో మిమ్మల్ని బతకనిస్తారా?"

"ముప్ఫై ఒక్క ఏళ్ళు నా చేతి సూపు తిని బతికారు కదా. నేనూ ఎలాగోలా బతుకుతాలే."

ముప్ఫై ఎనిమిది మైళ్ళు, మంచు దారి. దారి చివర పోస్టు పంచే వానెట్టా కారు కనబడింది. వెర్లీన్ కారు ఆపి, సాక్షిగా రమ్మంది.

"నీకు పిచ్చి గాని పట్టిందా? చేతులారా నీ బడి గొంతు నువ్వే నులుముకుంటావా?" అంది వానెట్టా.

"వస్తావా, రావా?"

"వస్తాలే తల్లీ. డిసెంబరులో పక్షవాతం వచ్చింది ఆయనకి. కుడి చేయి పోయింది. నీతో చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకున్నాడు." కారు తలుపు వేస్తూ, "అయినా నేను చెప్పి ఉండాల్సింది," అంది.

హాల్వర్ తలుపు సగమే తెరిచాడు. సన్నబడ్డాడు. చొక్కా గుండీలు ఒకదానికొకటి కలవలేదు. వెర్లీన్‌కు వాటిని సరిచేయాలని చేతులు తహతహలాడాయి. జేబుల్లో పెట్టుకుంది.

"ఎవరు పంపారు?"

"ఎన్నికల ఆఫీసు. నీ ముద్రకి ఇద్దరు సాక్షులు కావాలి. లేకపోతే ఓటు చెల్లదు."

"నాన్న ఈ ముద్రతో నలభై ఏళ్ళు పశువుల్ని అమ్మాడు. సాక్షులేరీ అని ఒక్కడు అడగలేదు."

"ఆవులు ఓటేయవు అన్నయ్యా."

అతని పెదవి ఒక పక్క మాత్రం కదిలింది. నవ్వో, జబ్బో ఆమెకు తెలియలేదు.

"లెక్క ఎక్కడుందో రేడియోలో విన్నాను. నా ఓటేమిటో నీకు తెలుసుగా?"

"తెలుసు."

"మరెందుకొచ్చావ్?"

ఆమె పదకొండేళ్ళుగా కారులో, స్నానాలగదిలో, పొయ్యి దగ్గర వల్లెవేసుకున్న వాక్యాల్లో ఒక్కటీ పనికిరాలేదు. చివరికి, "ఆ రోజు నేనన్నది నిన్ను కాదు. కానీ తగిలింది నీకు, ఇల్సాకి. తప్పు నాది," అంది. వానెట్టా పక్కకు తిరిగి మంచును చూసింది.

హాల్వర్ ఎడమ చేయి చాచాడు. "కాగితం ఇలా ఇవ్వు," అన్నాడు. తలుపు చట్రానికి ఆనించి, ఎడమ చేత్తో అడ్డగీత గీశాడు, దాని మీద T నిలబెట్టాడు. ఇద్దరూ సాక్షి సంతకాలు పెట్టారు. లోపలికి రమ్మనలేదు. తలుపు మెల్లగా మూసుకుంది. తిరిగి వస్తుంటే ఆమె దారి కనబడక రెండుచోట్ల కారు ఆపి కళ్ళు తుడుచుకుంది. బడి పోతోందన్న బాధ కూడా ఆ ఏడుపులో ఉంది గాని, అది వెనకెక్కడో ఉంది.

మూడు నలభైకి ఫారం చేరింది. నాలుగున్నర దాటాక జోయెల్, ఇంకో ఉద్యోగి కలిసి కవరు విప్పి కాగితాన్ని యంత్రంలో పెట్టారు. అద్దం ఇవతల బడి సూపరింటెండెంటు, పేపరువాడు, మరో పదిమంది నిలబడ్డారు. వెర్లీన్ దగ్గరకు ఎవరూ రాలేదు. ఆమె ఫారం తెచ్చిన సంగతి అప్పటికే ఊరంతా పాకింది.

జోయెల్ కొత్త లెక్క కాగితం తెచ్చి గోడకు అంటించింది. అందరూ మీదపడ్డారు. ఎవరో పెద్దగా నవ్వారు, సూపరింటెండెంటు గోడకు ఆనుకుని కూలబడ్డాడు. అవును ఏడు వందల ముప్ఫై రెండు. కాదు నాలుగు వందల ఎనభై ఎనిమిది. నూటికి అరవై. బాండు గెలిచింది.

"ఆయన ఓటు ఏమైంది మరి?" అన్నాడు పేపరువాడు.

వెర్లీన్ దగ్గరకు వెళ్ళి వేలు పెట్టి చదివింది. అదే ఓటు కాగితం మీద బాండుతో పాటు ఉన్న వేరే ప్రశ్నల్లో, కౌంటీ కమిషనర్లను ముగ్గురి నుంచి ఐదుగురికి పెంచాలా అన్నదానికి కాదు ఒకటి పెరిగింది. ఆ ముసలాడు ఇంకో ఇద్దరికి జీతం ఇస్తాడా? అగ్నిమాపక పన్నుకు అవును ఒకటి పెరిగింది. బడి బాండు కింద, ఏ గడీ నింపకుండా వదిలేసినవి అన్న వరసలో, నిన్నటి ఐదు ఇవాళ ఆరయింది.

అతను ఖాళీగా వదిలేశాడు. ఆమె వెళ్ళకముందే, లెక్క ఎటు పోతుందో ఎవరికీ తెలియనప్పుడే, అలవాటులేని ఎడమ చేత్తో మిగతావన్నీ నింపి, అక్కడికొచ్చి ఆగిపోయాడు. ఎంతసేపు ఆగాడో. ఈ పదకొండేళ్ళూ అతను గోధుమల గురించి, పన్ను గురించి పట్టుదల పట్టాడని ఆమె అనుకుంది. బడి అన్న మాట చదివిన ప్రతిసారీ అతని కళ్ళముందు ఎవరు నిలబడతారో ఆమె ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఎవరో ఆమె భుజం తట్టారు. ఆమె బయటకు వచ్చి, కారులో కూర్చుని, అన్నకు ఫోను చేసింది. మోగుతూనే ఉంది. పెట్టేయబోతుండగా ఎత్తాడు. ఊపిరి మాత్రం వినిపించింది. బాండు గెలిచిందని చెప్పడానికి నోరు తెరిచిన వెర్లీన్ ఆ మాట చెప్పలేదు.

"సిగ్నీకి బఠానీలంటే పడేది కాదు," అంది. "వరసలో నా దగ్గరకి రాగానే పళ్ళెం వెనక్కి లాక్కునేది. నేను రోజూ తన వాటాలోంచి ఏరి పక్కన పెట్టేదాన్ని. టీచరుకి చెప్పొద్దని నాకు కన్నుకొట్టేది. రెండు కళ్ళూ కలిపి కొట్టేది, ఒక్కటి మూయడం రాక."

అవతల ఏదో కుర్చీ లాగిన చప్పుడయింది. అతను కూర్చున్నాడు.

"ఇంకా చెప్పు," అన్నాడు హాల్వర్.