మితానిన్ మాట

భోజలీ పేరు నోటితో పలకకూడదు. చిన్నప్పుడు రాఖీ మర్నాడు నేనూ నా స్నేహితురాలూ ఏటి గట్టున ఒకరి చెవిలో ఒకరం గోధుమ మొలకలు పెట్టుకున్నాం. ఆ రోజు నుంచీ ఆమె నాకు భోజలీ, నేను ఆమెకు భోజలీ. తోడబుట్టినవాళ్లకంటే ఎక్కువ. ఒకరు అడిగితే ఇంకొకరు కాదనడం ఉండదు.

అందుకే ఆ ఆషాఢంలో ఆమె నంబరు నుంచి, "సీతారామ్ భోజలీ! నాకు రావలసిన ఆరంకెల కోడు పొరపాటున నీ ఫోనుకొచ్చింది, పంపవా" అని వాట్సాప్‌లో రాగానే పంపేశాను. ఫోన్ చేసి, "ఎవరు నువ్వు, పేరు చెప్పు" అని భోజలీని నిలదీసే మొహం నాకెక్కడిది? ఆమె వాట్సాప్ అప్పటికే దొంగ చేతిలో పడిందనీ, మా పాత పలకరింపులు చదివి వాడే అలా రాశాడనీ తరువాత తెలిసింది.

నేను ఊరి మితానిన్‌ని, అంటే ఆరోగ్య కార్యకర్తని. జ్వరం మాత్రలు, టీకాలు, కాన్పులు అన్నీ నా చేతిమీదుగానే. పేటలో ఆడవాళ్లు నూటపాతికమంది నా గ్రూపులో ఉన్నారు. ఆ అంకెలతో నా వాట్సాప్‌లోకీ దూరిన దొంగ, నా పేరుతో అందులో ఏదో లింకు నొక్కమన్నాడు. నేను చెప్పాననుకుని తొమ్మిదిమంది నొక్కారు. బ్యాంకులో పడ్డ వాళ్ల కాన్పు సాయం డబ్బు మొత్తం ఊడ్చుకుపోయింది.

గ్రూపు తిరిగి నా చేతికొచ్చాక గడపగడపకీ వెళ్లాను. తిట్లు తిన్నాను. "ఇకమీదట ఫోనులో ఎవరేం చెప్పినా నమ్మకండి. నా పేరుతో వచ్చినా సరే. నేను గుమ్మంలో నిలబడి చెబితేనే నమ్మండి" అని ఒట్టు వేయించుకున్నాను. ఆ తొమ్మిదిమందిలో ఒకతె చిన్నారి నోనీ తల్లి కేజాబాయి. అందరికంటే గట్టిగా ఒట్టేసింది ఆమే.

శ్రావణంలో వాగు పొంగి తీసింది. బోరింగు నీళ్లు వాసనేస్తుంటే ఒక సీసా పట్టి బ్లాకు ఆసుపత్రిలో ఇచ్చాను. రెండోనాడు పొద్దున్నే ఫలితం కోసం వెళ్తే, ల్యాబు అమ్మాయి కాగితం చూసి, "ఈ నీళ్లు ఎవరూ ముట్టకూడదు, కలరా" అంది.

ఊరికి ముప్పై కిలోమీటర్లు. మధ్యాహ్నందాకా బస్సు లేదు. సర్పంచి ఫోనెత్తలేదు. గ్రూపులో రాశాను: బోరింగు నీళ్లు తాగకండి, రాత్రి నీళ్లలో నానేసిన బాసీ అన్నం పారబోయండి, పిల్లలకు అసలే పెట్టకండి. అందరూ చూశారు. జవాబిచ్చింది సుక్‌వారో ఒక్కతే: "మళ్లీ వచ్చాడే అల్లుడు! ఈసారి మన అన్నం మీద పడ్డాడు." దాని కింద వరసగా నవ్వే మొహాలు.

కేజాబాయికి ఫోన్ చేశాను.

"వదినా, నేను బిసాహిన్‌ని. నోనీకి బాసీ పెట్టావా?"

"పెడుతున్నా. నీకెందుకురా చచ్చినోడా?"

"గొంతు గుర్తుపట్టలేదా? నేనే!"

"గొంతులు కూడా దొంగిలిస్తున్నారట, మా మరిది చెప్పాడు. ముందు నా డబ్బు కక్కు."

"నోనీ ఎదురుకాళ్లతో పుట్టింది వదినా, నా చేతుల్లోనే పడింది. అది దొంగకెట్లా తెలుస్తుంది?"

వెనకనుంచి మరిది గొంతు వినిపించింది: "ఆమె ఫోనంతా చదివేశాడు కదా వాడు!"

"అదీ నిజమే. బిసాహినే అయితే గుమ్మంలోకొచ్చి చెప్పేది. తనే ఒట్టేయించుకుంది" అని పెట్టేసింది కేజాబాయి. తరువాత ఎన్నిసార్లు చేసినా ఆ ఫోను కలవలేదు.

మధ్యాహ్నం బస్సు పట్టుకుని, దిగాక బురదలో పడుతూ లేస్తూ ఊరు చేరేసరికి పొద్దు వాలింది. గుమ్మంలో నిలబడి చెబితే అందరూ నమ్మారు. బిందెలు బోర్లించారు, కుండలు కడిగారు.

మర్నాటినుంచి ఆరుగురు పిల్లలకు విరేచనాలు. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు ఇంటింటికీ తిరిగి చెంచాతో పట్టాను. ఐదుగురు గట్టెక్కారు. నోనీకి చెంచాడు నీళ్లు కూడా లోపల నిలవలేదు. వాగు మళ్లీ పొంగడంతో ఆసుపత్రి బండి అవతలే ఆగిపోయింది.

మగవాళ్లు మట్టి కప్పి వచ్చాక కేజాబాయి దగ్గరికి వెళ్లాను. తిడుతుందనుకున్నాను, కొట్టినా పడదామనుకున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"నువ్వు చెప్పినట్టే చేశాను కదే బిసాహిన్" అంది.