సొంత సీసా

డెబ్బై తొమ్మిదిలో, నంద్యాల ఆసుపత్రిలో, మందుల గది కిటికీ దగ్గర నా నోటికి భయపడని మనిషి లేడు. దగ్గు మందు పెద్ద జాడీలో కలిపి పెట్టేవాళ్ళం. సీసా మాత్రం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. నూనె సీసా, సారా సీసా, ఏది దొరికితే అది పట్టుకొచ్చేవాళ్ళు. వాసన చూడందే నేను చుక్క పోసేదాన్ని కాదు. ముక్కుతో ఉద్యోగం చేస్తాందని నవ్వుకునేవాళ్ళు. నవ్వితే నవ్వనీ.

ఆళ్లగడ్డ నుంచి లూదియా, నాలుగేళ్ళ కొడుకు యోబును చంకనేసుకుని వచ్చింది. వాడికి కోరింత దగ్గు. ఆమె ఇచ్చిన సీసా మూత తీస్తే పత్తిచేనుకు కొట్టే పురుగుమందు కంపు గుప్పున కొట్టింది.

"ఏందీ ఇది? బిడ్డను సంపుకుంటావా?"

"బూడిదేసి మూడుసార్లు కడిగినా గదక్కా."

"ముప్పైసార్లు కడిగినా పోదు. పారేయ్."

మా దగ్గరున్న మంచి సీసాలో మందు పోసి, సీసా నువ్వే ఉంచుకోమన్నాను. ఆమె తన సీసాను సంచిలో వేసుకుంటుంటే మళ్ళీ అరిచాను. "దావలో పారేస్తాలేక్కా" అంది.

మర్నాడు పొద్దున ఆమె అన్న మద్దిలేటి వచ్చి, శుభ్రంగా కడిగిన మా సీసాను కిటికీలో పెట్టాడు.

"మా చెల్లెలు ఇచ్చి రమ్మనింది. ఆసుపత్రి సొత్తు ఇంట్లో పెట్టుకోగూడదంట."

"మందు యాడుంది మరి?"

"ఆమె సీసాలోకే పోసుకునింది."

కిటికీ దబాల్న మూసేశాను. డాక్టరమ్మ కాన్పు చేస్తోంది. తలుపులోంచే ఆమెకు చెప్పి, విరుగుడు సూదిమందు సంచిలో వేసుకుని, మద్దిలేటిని లాక్కుంటూ బస్సెక్కాను. శిరివెళ్ళలో డ్రైవరు తీరిగ్గా టీకి దిగాడు. నేనూ దిగి అతని చేతిలో గ్లాసు లాక్కున్నాను.

"పసిబిడ్డ సస్తాండాడప్పా. బేగా పోనీ."

దారంతా ఒకటే ప్రార్థన. దేవా, ఆ మందు ఒక్క చుక్క కూడా వాడి గొంతు దిగనీకు.

నేను వాళ్ళింట్లోకి వెళ్ళేసరికి లూదియా గోడకు చేరగిలబడి ఉంది. యోబు ఆమె ఒళ్ళో దగ్గుతున్నాడు. నన్ను చూసి చీర సర్దుకోబోయింది. చేతులు వణుకుతున్నాయి.

"తిట్టొద్దక్కా. వాడు ఒక్క చుక్కా మింగల్యా. అంతా ఉమ్మేసినాడు."

స్తోత్రం ప్రభువా అని పైకే అనేశాను.

"నేను ముందు తాగి సూపిస్తి, తియ్యగుంది సూడ్రా అని. పట్టినప్పుడల్లా తాగి సూపిస్తి. అయినా ఇనడు."

అప్పుడు చూశాను ఆమె కళ్ళు. పాపలు ఆవగింజలంత అయిపోయాయి. నోటి చివర నురగ. సూది మీద సూది వేశాను. తెచ్చినవన్నీ అయిపోయాయి. మద్దిలేటి జట్కా తెచ్చాడు. పోవద్దే, పోవద్దే అని ఆమె చెంపలు వాయిస్తూనే ఉన్నాను. ఆళ్లగడ్డ ఆసుపత్రి గేటు లోపలికి జట్కా తిరిగేటప్పటికి ఆమెలో ఊపిరి లేదు.

మద్దిలేటి చెల్లెలి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. వరండాలో నా ఒళ్ళో పిల్లాడికి దగ్గు తెర వచ్చి మొహమంతా నీలంగా తిరిగింది. తల్లి పోయింది, వీణ్ణన్నా దక్కించుకోవాలి. అక్కడి కాంపౌండరును అడిగి దగ్గు మందు పోయించుకున్నాను. ముందు సీసా వాసన చూశాను. చెంచాలో పోసి వాడి నోటి దగ్గర పెట్టాను.

యోబు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"నువ్ తాగు ముందు" అన్నాడు.