నోరు విప్పని గంట

పొద్దున ఆఫీసుకు వచ్చినప్పటినుంచీ కోడలికి ముళ్లమీద కూర్చున్నట్టుంది. జారిపడి తుంటి ఎముక విరిగి, ఆపరేషనై అత్తగారు నర్సింగ్‌హోములో ఉంది. పక్కన మనిషి లేకుండా కాలు కింద మోపకూడదని డాక్టరు ఒకటికి పదిసార్లు చెప్పాడు. మళ్లీ పడితే ఇక నడక మాట మరిచిపోవాల్సిందేనన్నాడు. అత్తగారేమో సాయం అడగడంకంటే పస్తుండటం నయమనుకునే మనిషి. కొడుకు పనిమీద వేరే ఊళ్లో ఉన్నాడు. రోజూ ఫోను చేసి "అమ్మ ఎలా ఉంది?" అని అడగడంతో ఆయనగారి బాధ్యత తీరిపోతుంది.

అన్ని నర్సింగ్‌హోములుండగా కోడలు దాన్నే ఎంచుకోవడానికి కారణముంది. అక్కడి గంట ఆమె చేతి పనే. మంచం పక్కనున్న మీట నొక్కితే, నర్సు బల్ల వెనక గోడకు బిగించిన ట్యాబ్‌లో ఒక వెబ్‌పేజీ మీద ఆ గది నంబరు ఎర్రబడుతుంది, గంట మోగుతుంది. నర్సు గదిలోకి వెళ్లి మంచం దగ్గర ఇంకో మీట నొక్కితే ఎరుపు పోతుంది. నర్సులు తెరను ముట్టుకోవాల్సిన అవసరమే లేకుండా చేసినందుకు కోడలు తెగ మురిసిపోయింది. ట్యాబ్ ఆగి మళ్లీ మొదలైనా పేజీ దానంతటదే తెరుచుకునేలా కూడా తనే పెట్టింది.

"ఈ గంట నేను చేసిందే అత్తయ్యా. మొహమాటపడకుండా నొక్కండి," అని చేర్చిన రోజు చెప్పింది. అత్తగారు ఆ మీటను అటూ ఇటూ తిప్పి చూసి, జాగ్రత్తగా దిండు పక్కన పెట్టుకుంది.

ఎదురుబల్ల పెద్దాయనను ఆఫీసులో అందరూ రూల్సు బాబాయి అంటారు. వెబ్‌పేజీలు ఎలా రాయాలో, బ్రౌజర్లు వాటిని ఎలా చూపించాలో చెప్పే ప్రమాణాలన్నీ ఆయనకు కంఠతా. ఎవరైనా అడ్డదారి తొక్కి పేజీ రాశారంటే ఆయనకు ఆ పూట అన్నం సయించదు. అలాంటి మనిషి ఈ పొద్దున పెళ్లికొడుకులా వెలిగిపోతున్నాడు.

"చూశావటమ్మా? బ్రౌజరు కొత్త వెర్షనొచ్చింది. పేజీ తెరవగానే చెవులు చిల్లులు పడేలా అరిచే ప్రకటనలకు ఇక నోరు పడిపోయినట్టే. మనిషి వేలితో ఒకసారి తాకేదాకా ఏ పేజీ అయినా కిక్కురుమనకూడదు."

"పోనీలే బాబాయ్, పీడ విరగడైంది," అంది కోడలు. ఆ ప్రకటనలను ఆమె కూడా తక్కువేం తిట్టుకోలేదు. తలతిప్పి పనిలో పడబోయి ఆగిపోయింది.

"ఏ పేజీ అయినానా?"

"రూలంటే రూలే కదమ్మా."

"ఎవరూ తాకని పేజీ ఉంటే?"

"తాకని పేజీ ఎందుకుంటుంది? మరీ విడ్డూరం కాకపోతే."

కోడలికి నర్సింగ్‌హోము గోడమీది ట్యాబ్ గుర్తొచ్చింది. నిన్న రాత్రే ట్యాబ్ తనంతట తాను కొత్త వెర్షన్ వేసుకుని ఉంటుంది. పేజీ బుద్ధిగా తెరుచుకుని ఉంటుంది. గది నంబరు ఎర్రబడుతుంది కానీ గంట మోగదు. నర్సులు చెవులను నమ్ముకుని తిరుగుతారు తప్ప, గోడవైపు చూసేదెవరు? తెర ముట్టుకోనక్కర్లేదని వాళ్లకు నేర్పింది తనే.

ఫోను చేసింది. చాలాసేపటికి నర్సు ఎత్తింది.

"గంటలు మోగుతున్నాయా సిస్టర్?"

"లేదండీ, ఇవాళ ఎంత ప్రశాంతంగా ఉందో. పొద్దుటినుంచి ఒక్కరూ పిలవలేదు."

ఆ ప్రశాంతత వినేసరికి కోడలు కుర్చీలోంచి లేచిపోయింది. "వెంటనే వెళ్లి ఆ తెర మీద ఒకసారి వేలు పెట్టండి సిస్టర్."

"పైఅంతస్తులో కట్టు మారుస్తున్నానమ్మా. ఇది మధ్యలో వదిలి ఎలా వెళ్లను? ఇవాళ నేనొక్కదాన్నే. అవ్వగానే వెళ్తాను."

కోడలు సంచీ భుజాన వేసుకుంది. సంగతి విన్న రూల్సు బాబాయి మొహంలో పెళ్లికళ కాస్తా ఎగిరిపోయింది. "నువ్వెళ్లమ్మా. తెరవగానే 'గంట మోగాలంటే ఇక్కడ తాకండి' అని తెరనిండా వచ్చేలా నేను రాసేస్తాను. నువ్వు సరేనంటే ఎక్కించేస్తా," అన్నాడు.

టాక్సీ ప్రతి సిగ్నల్ దగ్గరా ఆగింది. కోడలు ముందు బ్రౌజరు చేసినవాళ్లను తిట్టుకుంది. వాళ్ల తప్పేముంది, అడక్కుండా అరవొద్దనడం న్యాయమే కదా అనిపించి ఊరుకుంది. తర్వాత తనను తాను తిట్టుకుంది. అక్కడ మాత్రం న్యాయం అడ్డురాలేదు. డ్రైవరు అద్దంలోంచి రెండుసార్లు చూసి వేగం పెంచాడు.

నర్సు బల్ల దగ్గర ఎవరూ లేరు. గోడ మీద ట్యాబ్‌లో ఒకే ఒక్క గది నంబరు ఎర్రగా వెలిగి ఆరుతోంది. అది అత్తగారి గదే. కోడలు వేలు తగిలించగానే గంట ఒక్కసారిగా వసారా అంతా మారుమోగింది. ఇన్నాళ్లూ తనకు ఇంపుగా వినిపించిన ఆ మోత ఇప్పుడు చెంప మీద కొట్టినట్టు తగిలింది. గది వైపు పరుగెత్తింది.

అత్తగారు మంచం అంచున కూర్చుని ఉంది. ఒక కాలు అప్పుడే నేలను తాకింది. రెండు చేతులూ వాకరు కోసం ముందుకు చాచి ఉన్నాయి. కోడలు ఒక్క అంగలో వెళ్లి నడుము పట్టుకుంది. పక్క తడిసి ఉంది. కోడలు చూసిందని తెలిసి, అత్తగారు మొహం గోడవైపు తిప్పుకుంది.

కోడలు మీట నొక్కి గంట ఆపింది. ఆవిడను మెల్లగా పడుకోబెట్టి, ఒంటిమీద బట్టలు మార్చి, ఒక పక్కకు ఒత్తిగిలించి పొడి దుప్పటి పరిచింది. ఈవిడ పడి ఉంటే ఈ జన్మకు నన్ను నేను క్షమించుకోలేకపోయేదాన్నని అనుకుంది.

"నొక్కానే అమ్మాయ్," అంది అత్తగారు చివరికి, చిన్న గొంతుతో. "ఇన్నాళ్లూ నొక్కలేదు. ఆఫీసులో పనిలో ఉంటావు, పిలిస్తే పరుగెత్తుకొస్తావని ఊరుకునేదాన్ని. నర్సులొచ్చినప్పుడే లేచేదాన్ని. ఇవాళ మరి ఆగలేక నొక్కాను."

కోడలికి ఆ మాటలు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. గంట చేసింది తనే కాబట్టి అది మోగేది తన దగ్గరేనని ఈవిడ నమ్మింది. చేర్పించినప్పటినుంచీ బిగబట్టుకుని పడుకుంది తన పని చెడగొట్టకూడదని. కోడలికి ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

"అది నాక్కాదు అత్తయ్యా. నర్సుకి మోగుతుంది."

అత్తగారు ఆ మాటను కాసేపు నములుతున్నట్టు దవడ కదిపింది. "మరి నువ్వెలా వచ్చావు?"

"అది పాడైంది. మోగడంలేదని తెలిసి వచ్చాను."

సంచీలో ఫోను మోగింది. రూల్సు బాబాయి. "అంతా సిద్ధమమ్మా. ఎక్కించెయ్యనా?" అన్న మాట అత్తగారికీ వినిపించింది.

"ఏమిటట?"

"గంట బాగుచేశారట. నేను సరేననాలి."

అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుంది.

"అననంటే పోలా," అంది.