మొగుడి భాష

హోటళ్ల దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టే ఆ హాల్లో ఆవిడని అందరూ దొరసాని అంటారు. పరాయి దేశమొచ్చి పొద్దస్తమానం వేడి దుప్పట్లతో కుస్తీ పట్టే మనిషికి ఆ పేరేంటంటే, ఎగతాళి, ఇంకేముంది! కొట్టుకెళ్తే మొగుడు మాట్లాడతాడు, ఈవిడ వెనకాల సంచి పట్టుకుని నిలబడుతుంది. డాక్టరు దగ్గర నొప్పి ఈవిడది, మూలుగు ఆయనది. కూతురి బడికెళ్తే టీచరమ్మ ఈవిడ మొహం చూసేది, ఈవిడేమో మొగుడి మొహం చూసేది. "నోరు మొగుడి దగ్గర పెట్టి, చేతులు మాత్రం పనికి తెచ్చుకుంటుంది మా దొరసాని" అని పొడుగు వదిన అంటే హాలంతా నవ్వేది. ఈవిడా నవ్వేది. పొడుగు వదిన ఏ వరసా కాదు, దుప్పటికి అటు చివర పట్టుకునే మనిషి. అన్నేళ్లు ఒకే దుప్పటి చెరో కొసా పట్టుకున్నాక వరస అదే వస్తుంది.

నిజానికి ఆ హాల్లో ఇక్కడి భాషతో ఎవరికీ పనిలేదు. మిషను దగ్గర మనవాళ్లే, మూటలు కట్టేది మనవాళ్లే, మేస్త్రీ మనవాడే. తిట్టినా తెలుగులో తిడతాడు, అదో సుఖం.

మొగుడు సిటీ బస్సు డ్రైవరు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఇక్కడి భాషలోనే బతుకు. వచ్చిన కొత్తలో, ఊరికే నేర్పుతారట, సాయంత్రం క్లాసుకి వెళ్తానని ఈవిడ అడిగింది. "నువ్వు నేర్చుకుని ఎవరితో వాదించాలే? నేను చచ్చానా?" అన్నాడు. చెప్పొద్దూ, ఆ మాట ఆవిడకి ప్రేమలాగే వినిపించింది. పైగా హాయిగా కూడా ఉంది. తలుపు కొట్టినవాళ్లకి చెప్పడానికి మాత్రం ఒక్క ముక్క నేర్పించాడు: "మా ఆయన సాయంత్రం వస్తారు, ఆయనతో చెప్పండి." ఆ ఒక్క ముక్కతో ఆవిడ ఇక్కడ ఒక పిల్లని పెంచి పెద్దచేసింది, ఇల్లు నడిపింది, జుట్టు నెరిపించుకుంది.

"ఈ దేశమొచ్చి ఈ భాష రాకపోతే ఎట్లా?" అని అడిగినవాళ్లు లేకపోలేదు. పక్కింటి ముసలావిడ నుంచి ఆఫీసు గుమాస్తాల దాకా అందరూ అడిగారు. చెప్పేవాళ్లు సవాలక్ష చెప్తారండీ. తెల్లారకముందే పని, వచ్చాక వంట, అంట్లు. నేర్చుకో నేర్చుకో అన్నవాళ్లెవరూ వచ్చి ఒక్క గిన్నె తోమిపెట్టలేదు. అలాగని వాళ్లన్నది అబద్ధమా అంటే, అదీ కాదు.

ఒక పొద్దున ఆయన డ్యూటీకి బూట్లు వేసుకుంటూ వేసుకుంటూ అలాగే పక్కకి ఒరిగిపోయాడు. దొరసాని పరిగెత్తి పక్కింటి తలుపు బాదింది. ముసలావిడ తలుపు తీసి ఏమిటేమిటని అడుగుతుంటే చెప్పడానికి మాట లేదు. చెయ్యి పట్టుకుని బరబరా లాక్కొచ్చింది. ఆ చెయ్యి కమిలిపోయిందని తర్వాత తెలిసి సిగ్గుపడింది.

ప్రాణం దక్కింది. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. కొన్నాళ్లకి నోరు తెరిచాడు. తెరిచి మాట్లాడింది ఇక్కడి భాష! తెలుగు ఒక్క ముక్క రాలేదు. "ఏమండీ, నేనండీ" అంటే, గోల వినిపించినట్టు కనుబొమలు ముడిచాడు. మనిషిని గుర్తుపట్టాడు, చెయ్యి పట్టుకున్నాడు, మాటే అందలేదు. మెదడులో అలా ఒక్కోసారి ఒక భాష మిగిలి ఇంకోటి పోతుందని, తిరిగి వస్తే రావచ్చు, రాకపోతే లేదని డాక్టరు చెప్పాడట. అదీ కూతురు వేరే ఊరి నుంచి వచ్చాక చెప్తేనే తెలిసింది. ఉగ్గుపాలతో వచ్చింది పోయింది, ఉద్యోగానికి నేర్చుకున్నది మిగిలింది. ఏం చెప్పమంటారు!

ఒకరోజు మధ్యాహ్నం ఆయన ఈవిడ మొహంలోకే చూస్తూ ఏదో గట్టిగా అడిగాడు. మళ్లీ అడిగాడు. కళ్లలో నీళ్లు. ఈవిడకి కంగారు పుట్టింది. ఇక్కడి భాషలో ఎవరైనా ఏదైనా అడిగితే నోటికి వచ్చేది ఒక్కటే కదా, అదే వచ్చేసింది:

"మా ఆయన సాయంత్రం వస్తారు, ఆయనతో చెప్పండి."

నర్సమ్మ ఫక్కున నవ్వబోయి ఆపుకుంది. ఆయన కాసేపు చూసి కళ్లు మూసుకున్నాడు.

కూతురు తల్లిని వరండాలోకి లాక్కెళ్లింది. "నేను పుట్టకముందు నుంచీ ఉన్నావు కదమ్మా ఇక్కడ! ఒక్కరోజైనా అనిపించలేదా?"

"మీ నాన్న వద్దన్నారే."

"ఆయన ఊపిరి పీల్చొద్దంటే మానేసేదానివా?"

దొరసానికి కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. వేడి దుప్పట్లు పట్టీ పట్టీ వేలికొసలు ఎప్పుడో మొద్దుబారాయి. ఇప్పుడు లోపలంతా అలాగే ఉంది.

మర్నాడు ఆసుపత్రి ఆఫీసరమ్మ పిలిచి సంగతి తేల్చింది. ఆయన అడిగింది అర్థమయ్యే మనిషి ఇంట్లో ఉంటే ఇంటికి పంపుతారు. లేకపోతే ఊరి చివర ఒక ఆశ్రమం ఉంది, అక్కడ నేర్పుగా చూసుకుంటారు, మాట్లాడిస్తారు. అక్కడ మంచాలు తక్కువ, ఇంట్లో అర్థం చేసుకునే దిక్కున్నవాళ్లకి ఇవ్వరు. కూతురి ఉద్యోగం వేరే ఊళ్లో. మిగిలింది దొరసాని. నెల తిరిగాక, ఈవిడకి ఆయన మాట అర్థమవుతోందో లేదో పరీక్ష చేస్తామంది ఆఫీసరమ్మ.

"ఇంటికే తెచ్చుకుంటాను" అంది దొరసాని. అది కూడా కూతురే చెప్పాల్సి వచ్చింది.

పొడుగు వదిన మొదట మామూలుగానే దెప్పింది. "మొక్కై వంగనిది మానై వంగుతుందా?" అని. దెప్పి, తనే నేర్పడం మొదలుపెట్టింది. పిల్లల బడి పుణ్యమా అని ఆవిడకి నాలుగు ముక్కలు వచ్చు. దుప్పటి మడతపెట్టేటప్పుడు ఇద్దరూ చెరో కొస పట్టుకుని ఎదురెదురుగా నడిచి కలుసుకోవాలి కదా, కలిసినప్పుడల్లా వదిన ఒక మాట ఇచ్చేది. తర్వాతి దుప్పటికి దొరసాని ఆ మాట తిరిగి ఇవ్వాలి. తప్పితే "మళ్లీ దులుపు!" అనేది. నీళ్లు. నొప్పి. దుప్పటి. కిటికీ. చలి. మేస్త్రీ చూసి ఏంటీ జపం అని విసుక్కున్నాడు. "మొగుణ్ణి తెచ్చుకునే మంత్రం, నీకెందుకు?" అంది వదిన.

పని అయ్యాక దొరసాని ఆయన నడిపిన బస్సే ఎక్కి, ముందు సీట్లో కూర్చుని వినేది. అమ్మలక్కల మాటలు, సెల్‌ఫోన్లో పోట్లాటలు, కొత్త డ్రైవరు కేకలు. ఆసుపత్రికి వెళ్లి ఒకరోజు, "వెనక్కి జరగండి, తలుపులు మూస్తున్నాం" అంది. ఆయన తెల్లబోయి, సగం నోటితో పకపకా నవ్వాడు. పొద్దస్తమానం తను అరిచిన అరుపు పెళ్లాం నోట వినడం అదే మొదలు. ఆ నవ్వు చూశాక ఆవిడకి నిద్రలో కూడా మాటలే. నీళ్లూ నొప్పీ దాటి, తోకలున్న వాక్యాలు కూడా చెవికెక్కడం మొదలుపెట్టాయి. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. పరీక్ష రోజు చెప్పకనే తెలుస్తుందిలే అనుకుంది.

ఆ రోజు ఆయన్ని చక్రాల కుర్చీలో తీసుకొచ్చి కూర్చోబెట్టారు. కూతురు నోరు మెదపకూడదన్నారు. ఆయన నీళ్లడిగాడు, ఇచ్చింది. చలన్నాడు, కప్పింది. కాలు లాగుతోందన్నాడు, వంగి సర్దింది. ఆఫీసరమ్మ ముచ్చటపడి కూతురి వైపు చూసింది. కూతురి కళ్లు తడిశాయి.

అప్పుడు ఆఫీసరమ్మ ఆయన్ని అడిగింది. "ఇంటికి వెళ్తారా మరి?"

ఆయన పెళ్లాం వైపు చూసి ఆ సగం నవ్వు నవ్వాడు. నవ్వుతూనే, మొహం అటు తిప్పి, నెమ్మదిగా చెప్పాడు:

"ఇంట్లో నాతో మాట్లాడేదెవరండీ? ఆవిడ మంచిది. నీళ్లిస్తుంది, అన్నం పెడుతుంది. గోడలు చూస్తూ కూర్చుంటే నేను బతకను. నన్ను ఆ ఆశ్రమానికే పంపండి. ఆవిడకి మాత్రం చెప్పకండి, బాధపడుతుంది."

చెప్పి, ఈవిడ చేతిమీద తట్టాడు, అంతా బాగానే ఉందన్నట్టు.

ఒక్క మాట కూడా జారిపోలేదు. అన్నేళ్లు గోలలా వినిపించిన భాష, ఆరేసిన దుప్పటంత తెల్లగా అర్థమైంది. నేను మాట్లాడతాను, నేర్చుకుంటున్నాను కదా అని ఆ భాషలోనే అరవాలనిపించింది. నోరు తెరిచింది కూడా. కానీ ఏం మాట్లాడుతుంది ఆయనతో? చలా, నొప్పా, తలుపులు మూస్తున్నామా? ఆయనకి కావాల్సిన కబుర్లు ఆవిడ దగ్గరున్నది తెలుగులో. అవి ఆయనకి ఇక గోల.

ఆఫీసరమ్మ ఈవిడ వైపు తిరిగి ఒక్కో మాటా విడగొట్టి అడిగింది. "ఇప్పుడు ఆయన ఏమన్నారు? అర్థమైందా?"

ఔనంటే ఇంటికే. మంచం ఇవ్వరు.

కూతురు తలెత్తలేదు. ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

"అర్థం కాలేదు" అంది దొరసాని, ఇక్కడి భాషలో.

ఆఫీసరమ్మ మళ్లీ అడిగింది. ఆవిడ అదే చెప్పింది. ఆఫీసరమ్మ నిట్టూర్చి, చిన్నచిన్నవి తెలిస్తే చాలదమ్మా అని, ఆశ్రమంవాళ్లతో మాట్లాడతానని లేచింది.

వరండాలో కూతురు గోడకానుకుని నిలబడింది. దొరసాని దగ్గరికెళ్లి, అడగకపోతే బాగోదని అడిగింది. "ఏమన్నారే మీ నాన్న?"

కూతురు ముక్కు తుడుచుకుంది. "ఏం లేదమ్మా. కాలు లాగుతోందని మళ్లీ చెప్పారు, అంతే."

"అలాగా, పాపం" అంది దొరసాని.

ఆయన చొక్కాలు సంచిలో సర్దడానికి లోపలికెళ్లింది. ఆయన నర్సమ్మకి ఏదో చెప్తున్నాడు. ఒకసారి వానలో బస్సు ఆగిపోతే ఎక్కినవాళ్లంతా దిగి తోశారట, అందులో ఒక పెళ్లికూతురు కూడా ఉందట, చీలమండల దాకా బురదట. నర్సమ్మ పడీ పడీ నవ్వుతోంది. ఆయన ఆ సంగతి దొరసానికి ఎప్పుడూ చెప్పలేదు. ఆవిడ చొక్కాలు సర్దుతూ, మొహం ఏమీ తెలియనట్టు పెట్టుకుని, చివరిదాకా వింది.