నాలుగు వందల పన్నెండో వస్తువు

మార్చి పద్నాలుగు. ఆ ఉదయం మాస్టారూ ఆయన భార్యా తిన్నది కాల్చిన రొట్టె, చెరో ఉడికించిన గుడ్డు, ఒకే ఒక్క నారింజ. నారింజ తొనలు పంచేటప్పుడు ఆవిడ ఎప్పుడూ ఒకటి ఎక్కువ ఆయన వైపు నెట్టేది. ఆ రోజూ నెట్టింది. ఆవిడ పటాల ఇంటికి పనికి వెళ్ళిన ఆఖరి రోజు అదే కాబట్టి, మాస్టారికి ఆ తేదీ అలా ఉండిపోయింది.

పటాల ఇల్లంటే నూరేళ్ళ కిందట సముద్రపు దారుల పటాలు గీసి బతికిన ఒకాయన ఇల్లు. పాత కట్టడాలను కాపాడే సంఘం దాన్ని బాగుచేయించి మ్యూజియంగా పెట్టింది. కాలేజీ పాఠాల నుంచి రిటైరయ్యాక మాస్టారు అక్కడే గదులు చూపిస్తుంటారు. ఆయన భార్య పని వేరు. ప్రతి వస్తువు మీదా కనపడీ కనపడని చోట గోరంత వార్నిష్ పూసి, ఆరాక సన్నటి పాళీతో నంబరు రాసి, పైన మళ్ళీ ఓ పూత వేసేది. ఆ రోజు సిరాబుడ్డికి నాలుగు వందల పదకొండు వేసింది. కళ్ళు తిరుగుతున్నాయని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, కాస్త గాలి పీల్చుకొస్తానని బయటికి నడిచింది. మళ్ళీ లోపలికి రాలేదు.

మిగిలిన పనికి సంఘం వేరే ఊరి నుంచి ఇద్దరిని పంపింది. బల్ల మీద ఉన్నవన్నీ ఆ ఇంటివేననుకున్నారు వాళ్ళు. వాళ్ళనీ అనడానికి లేదు. ఆ గుండ్రటి తీగ ఫ్రేము ఆవిడ నాయనమ్మది, అందులోనే కొత్త అద్దాలు వేయించుకుంది. ఆవిడ పోయిన నెలన్నరకి మాస్టారు ఒంటరిగా తిరిగొచ్చేసరికి ఆ కళ్ళజోడు నాలుగు వందల పన్నెండో వస్తువైపోయి ఉంది. పక్కన కార్డు: పటాలు గీసినాయన భార్య కళ్ళజోడు.

చెబుదామనే నోరు తెరిచారు. ఇంతలో చూడవచ్చిన ఒక ముసలావిడ వంగి, “ఎంత చిన్న మొహమో” అంది. నిజమే, చిన్న మొహమే. మాస్టారు నోరు మూసుకున్నారు.

అలా నాలుగేళ్ళు. మధ్యాహ్నం జనం పలచబడితే ఇల్లంతా నీళ్ళ అడుగున ఉన్నట్టు నిదానించేది. కిటికీలోంచి వచ్చిన ఎండ ఆ అద్దాల్లోంచి దూరి, పటం మీది నీలి సముద్రంలో రెండు వెలుగు దీవులై తేలేది. అవి ఏ రేవు దాకా జరిగాయో చూస్తూ కూర్చుంటే, ఆవిడ పక్కగదిలో పాళీ కడుగుతున్నట్టే ఉండేది. అబద్ధమని తెలుసు. అయినా రేపు చెబుదాం అనుకుంటూనే గడిపేశారు.

ఇప్పుడు వస్తువుల తనిఖీకి సంఘం కొత్తగా ఒకామెను వేసింది. చీమ కాళ్ళు కూడా లెక్కపెట్టి రాసుకునే మనిషి కావడంతో అందరూ భూతద్దం అంటారు. దూది పరిచిన పెట్టెతో వచ్చిందామె. పెద్ద మ్యూజియంలో పటాలాయన భార్య చిత్రపటం ఉందనీ, దాని కింద ఈ కళ్ళజోడు శాశ్వతంగా పెడతారనీ సంతోషంగా చెప్పింది. ఎవరో ఒకావిడ బొమ్మ కింద, ఆమె పేరుతో, ఎప్పటికీ. మాస్టారు నేరుగా ఆఫీసు గదికి నడిచారు.

సంఘం సెక్రటరీ ఆయన మరదలే. కాగితాల మీద సంతకాలు పెడుతోంది.

“ఆ కళ్ళజోడు మీ అక్కది.”

ఆమె తల ఎత్తలేదు. “మా నాయనమ్మ ముక్కు మీద చూస్తూ పెరిగినదాన్ని. నాకు తెలీదనుకున్నారా బావా?”

“మరి చెప్పలేదేం?”

“మీరు చెబుతారేమో అని చూశా. తర్వాత చెప్పకపోతే బాగుండుననిపించింది. మీటింగుకి వచ్చినప్పుడల్లా నేను అందరికంటే ముందొచ్చి దాని ముందు నిలబడేది దేనికనుకున్నారు? మీ కాఫీ కోసమా? అది తాగేకంటే మీ వార్నిష్ తాగొచ్చు.” అంటూనే సంతకాలు పక్కన పెట్టి లేచింది.

ఇద్దరూ కలిసి వెళ్ళి చెప్పారు. భూతద్దం కోప్పడుతుందనుకున్నారు. ఆమె కళ్ళజోడు వెలుగులో పెట్టి చాలాసేపు చూసి, ఈ నంబర్లన్నీ రాసింది ఆవిడేనా అని మాత్రం అడిగింది. ఔనన్నారు. అప్పుడు వార్నిష్ కరిగించే మందులో తడిపిన దూదితో కమ్మి మీది నంబరు తుడిచింది, చెవి వెనకాల తుడిచినంత మెల్లగా. రిజిస్టరులో ఎర్రసిరాతో గీత కొట్టి, పొరపాటున చేరింది, నంబర్లు రాసినావిడది అని రాసింది.

ఇక ఆ నంబరు ఇంకో వస్తువుకి ఇచ్చేస్తారేమోనని మాస్టారు అడిగారు.

“ఇవ్వమండీ. ఒకసారి ఒకదానికి ఇచ్చిన నంబరు ఇంకోదానికి ఇవ్వకూడదని రూలు. వందేళ్ళ తర్వాత చూసినా నాలుగు వందల పన్నెండు ఆవిడదే.”

మాస్టారు కళ్ళజోడు అందుకుని చొక్కా జేబులో పెట్టుకున్నారు. అంత తేలికైన వస్తువుకి ఆ మాత్రం బరువుండటం ఆయనకి హాయిగా తోచింది.

ఆరయింది. పెట్టె ఖాళీగానే చంకలో పెట్టుకుని భూతద్దం వెళ్ళిపోయింది. మాస్టారు కిటికీలన్నీ మూసి వచ్చేదాకా మరదలు వసారాలో నిలబడింది. “ఈ పూట మా ఇంటికొచ్చి తినండి బావా,” అంటూ తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి లాగి, గడియ వేసింది.